ట్రామ్ ఎక్కితే జర్మనీ.. దిగితే ఫ్రాన్స్! స్ట్రాస్‌బర్గ్‌లో ఒక శనివారం

ఒక మనిషి 1870లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టాడనుకుందాం. అదే వీధిలో, అదే ఇంట్లో బతికి 1945లో కన్నుమూశాడనుకుందాం. డెబ్భై ఐదేళ్ళలో ఇల్లు మారలేదు. దేశం మాత్రం నాలుగుసార్లు మారింది! పుట్టినప్పుడు ఫ్రాన్స్. మాటలు రాకముందే, 1871లో, జర్మనీ. 1918లో మళ్ళీ ఫ్రాన్స్. 1940లో మళ్ళీ జర్మనీ. పోయేనాటికి మళ్ళీ ఫ్రాన్స్.

వీసా స్లాట్ కోసం అర్ధరాత్రి వరకు లాప్‌టాప్‌లో రిఫ్రెష్ కొట్టిన మనలాంటి వాళ్ళకి ఇది విడ్డూరంగా అనిపిస్తుంది. దేశం మారడానికి మనం ఎన్ని కాగితాలు పెట్టాం! వాళ్ళు కుర్చీలోంచి లేవకుండానే మారిపోయారు. అడిగినవాళ్ళు లేరు, వద్దనే అవకాశమూ లేదు.

ఈ ఊరు మేం చదువుకునే కార్ల్స్‌రూహెకి 80 కిలోమీటర్ల దూరమే. మొదటి సెమిస్టర్ నుంచీ "పోదాం, పోదాం" అనుకుంటూనే ఉన్నాం. చివరికి నవంబర్‌లో ఒక శనివారం కుదిరింది. బయల్దేరింది ముగ్గురం. నేను, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్, మాకంటే ఒక బ్యాచ్ జూనియర్ అయిన గుంటూరు తమ్ముడు. స్ట్రాస్‌బర్గ్ చూసింది మాత్రం ఇద్దరమే. ఎందుకో చెప్తా.

చవక దారి కేల్ మీదుగా

జర్మనీలో చదువుకునే ప్రతి ఒక్కరి ప్రాణం డాయిచ్‌లాండ్ టికెట్. నెలకి ఒకసారి కడితే లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రాములు అన్నీ ఎక్కొచ్చు. కానీ అది సరిహద్దు దాకానే చెల్లుతుంది. అందుకే స్టూడెంట్లు నేరుగా స్ట్రాస్‌బర్గ్‌కి టికెట్ కొనరు. జర్మనీ వైపు చివరి ఊరైన కేల్‌లో దిగిపోతారు. అక్కడ డి లైన్ ట్రామ్ ఎక్కి రైన్ నది దాటేస్తారు. ఈ ట్రామ్ 2017 నుంచి నడుస్తోంది. ఊరి సిటీ ట్రామే పక్క దేశం దాకా వెళ్ళొస్తుందన్నమాట!

కేల్ స్టేషన్ బయటికి రాగానే నాకు మా ఊరి వైపు గుర్తొచ్చింది. చిన్న ఊరే. కానీ వీధి పొడుగునా సిగరెట్ల షాపులు, సబ్బులూ షాంపూలూ అమ్మే పెద్ద పెద్ద స్టోర్లు. వాటి నిండా ఫ్రెంచ్ మాటలే. ఫ్రాన్స్‌లో సిగరెట్ల మీద పన్ను ఎక్కువ కాబట్టి అటువాళ్ళు ట్రామ్ ఎక్కి వచ్చి ఇక్కడ కొనుక్కుని పోతారు.

కాకినాడ వైపు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మనకి యానాం ఉంది కదా! మందు రేటులో తేడా కోసం యానాం బస్సు ఎక్కే బాబాయిలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. 1954 వరకు యానాం ఫ్రెంచ్ వాళ్ళదే. బాల్య వివాహాలు ఆపడానికి బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు, అది యానాంలో చెల్లదు కాబట్టి పెళ్ళివారు అక్కడికి తరలి వెళ్ళేవాళ్ళట. అందుకే యానాంకి కళ్యాణపురం అనే పేరు కూడా పడింది. గీతకి ఇటొక రూలు, అటొక రూలు ఉంటే చాలు, మనుషులు ఎక్కడైనా ఒకేలా లెక్కలేస్తారు.

గుంటూరు తమ్ముడు కేల్‌లోనే ఆగిపోయాడు. వాడి రెసిడెన్స్ పర్మిట్ గడువు అయిపోయింది. రెన్యూవల్‌కి ముందే పెట్టాడు. కొత్త కార్డు నెలలు గడిచినా రాలేదు. చేతిలో ఉన్నది తాత్కాలిక కాగితం. దాంతో సరిహద్దు దాటొచ్చని ఒకరు, దాటకూడదని ఇంకొకరు. గట్టిగా చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలేదు.

"అక్కా, మీరు వెళ్ళి రండి. నేను ఇక్కడ నది ఒడ్డున తిరుగుతా. చెకింగ్‌లో పట్టుకుంటే నా మాస్టర్స్ పోతుంది" అన్నాడు.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినవ్‌రా?" అంది మా వరంగల్ పిల్ల.

"ఫ్రాన్స్ ఎలా ఉంటుందో దూరం నుంచైనా చూద్దామని."

నవ్వుతూనే అన్నాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

బార్డర్ ఏడుందే?

ట్రామ్ కదిలింది. కిటికీలోంచి రైన్ నది. మన గోదావరి అంత వెడల్పేం కాదు. బ్రిడ్జి ఎక్కాం, దిగాం. అంతే.

"బార్డర్ ఏడుందే?" అని మా రూమ్మేట్ ఇంకా కిటికీకి అతుక్కునే ఉంది.

"అయిపోయింది" అన్నాను.

"గంతేనా?"

అంతే. మైకులో స్టాపు పేరు ఫ్రెంచ్‌లో వినిపించింది, ఫోన్‌కి రోమింగ్ మెసేజ్ వచ్చింది. ఇంకేం లేదు. కానీ ఈ "గంతేనా" వెనక చాలా ఉంది. ఈ నదికి రెండు వైపులా ఉన్నవాళ్ళు 1870 నుంచి 1945 వరకు మూడు పెద్ద యుద్ధాలు చూశారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కేల్ జనాన్ని ఖాళీ చేయించారు. తర్వాత ఆ ఊరు ఫ్రెంచ్ వాళ్ళ చేతిలో ఉండిపోయింది. పూర్తిగా జర్మనీకి తిరిగొచ్చేసరికి 1953 అయింది. ఇక మొన్నమొన్నటి కథ: 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు సరిహద్దు మూసేశారు. ఇదే ట్రామ్ నది దాటకుండా ఆగిపోయింది. ఇటు ఇల్లు, అటు ఉద్యోగం ఉన్నవాళ్ళు, ఇటు అమ్మ, అటు కూతురు ఉన్నవాళ్ళు జూన్ దాకా తిప్పలు పడ్డారు. గీత చెరిగిపోలేదు. కనపడకుండా ఉంది, అంతే.

ఒంటి గోపురం, మెకానికల్ పంచాంగం

ఓమ్ ద ఫెర్ అనే స్టాపులో దిగాం. "ఇనుప మనిషి" అని అర్థం. ఊరికి గుండెకాయ ఇదే. ఇక్కణ్ణుంచి పాత ఊరంతా నడకే. ఇల్ నది రెండు పాయలుగా చీలి చుట్టూ తిరగడంతో పాత ఊరు ఒక లంకలా ఉంటుంది. గ్రాండ్ ఈల్ అంటారు, పెద్ద లంక అని. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కోనసీమ వాళ్ళకి లంక ఊరి లెక్క వేరే చెప్పాలా?

సందులోంచి సందులోకి తిరుగుతూ ఉంటే హఠాత్తుగా ఎదురుగా కేథడ్రల్! తల ఎత్తితే మెడ నొప్పి పుడుతుంది. గులాబీ రంగు ఇసుకరాయి. ఎత్తు 142 మీటర్లు. 1439లో గోపురం పూర్తయింది. 1647 నుంచి 1874 వరకు, అంటే రెండొందల ఏళ్ళకి పైగా, ప్రపంచంలో ఇంతకన్నా ఎత్తైన కట్టడం లేదు. రెండు గోపురాలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. రెండోది కట్టనే లేదు. మొదట్లో వెలితిగా అనిపిస్తుంది కానీ, కాసేపు చూస్తే అదే దాని అందం అనిపిస్తుంది.

లోపలికి వెళ్ళడం ఉచితం. తప్పకుండా చూడాల్సింది ఖగోళ గడియారం. మూడంతస్తుల మేడంత ఉంటుంది. ఇప్పుడున్న యంత్రాన్ని జాన్ బాప్టిస్ట్ ష్విల్గే అనే ఆయన 1838 నుంచి 1842 వరకు కూర్చుని తయారు చేశాడు. టైమే కాదు, గ్రహాల స్థితి, చంద్రుడి కళలు, లీపు సంవత్సరాలు, గ్రహణాలు అన్నీ చూపిస్తుంది. ఈస్టర్ పండగ ఏ తేదీన వస్తుందో కూడా చెప్తుంది. మన ఉగాది, దీపావళిలాగే ఈస్టర్‌కీ ఫిక్స్‌డ్ తేదీ లేదు. చంద్రుణ్ణి బట్టి మారుతుంది. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఇందులో పళ్ళ చక్రాలు వాటంతట అవే తిరిగి, వచ్చే ఏడాది ఈస్టర్ తేదీని పెట్టేస్తాయి. కరెంటు లేదు, చిప్పు లేదు. ఇత్తడి చక్రాలతో చేసిన పంచాంగం!

మధ్యాహ్నం 12:30కి షో ఉంటుంది. దానికి వేరే టికెట్. క్రీస్తు ముందు నుంచి పన్నెండుమంది శిష్యులు ఒక్కొక్కరే నడిచి వెళ్తారు. పైన కోడిపుంజు రెక్కలాడించి మూడుసార్లు కూస్తుంది. ఇంకో అంతస్తులో పసిపిల్లాడు, కుర్రాడు, పెద్దమనిషి, ముసలాయన వరుసగా మృత్యువు ముందు నుంచి సాగిపోతారు. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటే ముసలాయన బొమ్మ వచ్చేసరికి మాత్రం హాలు కాస్త నిశ్శబ్దమైంది.

తర్వాత మెట్లు. మూడొందల పైచిలుకు. గాలి దూసుకొచ్చే రాతి కిటికీల పక్కనుంచి గుండ్రంగా ఎక్కడమే. ఇక్కడొక స్టూడెంట్ కథ చెప్పాలి. 1770లో ఒక ఇరవై ఏళ్ళ కుర్రాడు లా చదవడానికి ఈ ఊరొచ్చాడు. ఎత్తంటే కళ్ళు తిరిగేవట. ఆ భయం పోవాలని పనిగట్టుకుని ఈ గోపురం మళ్ళీ మళ్ళీ ఎక్కేవాడు. భయం పోయింది కానీ థీసిస్ పోలేదు! యూనివర్సిటీ వాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. డాక్టరేట్ బదులు అంతకన్నా చిన్న డిగ్రీ చేతిలో పెట్టి పంపించారు. ఆ కుర్రాడి పేరు గేటె. జర్మన్ భాషలో అంతకన్నా పెద్ద పేరు లేదు. సెమినార్ రిపోర్ట్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ గుర్తు చేసుకోవాల్సిన పేరు.

పైనుంచి చూస్తే ఒకవైపు జర్మనీ బ్లాక్ ఫారెస్ట్, ఇంకోవైపు ఫ్రాన్స్ వోజ్ కొండలు. మధ్యలో అంతా ఒకటే మైదానం. ఎక్కడ ఏ దేశం అయిపోయిందో ఎంత వెతికినా తెలియలేదు. కేల్ వైపు చూస్తూ మా రూమ్మేట్ తమ్ముడికి వీడియో కాల్ చేసింది.

"కనిపిస్తున్నవా?" అని చేయి ఊపింది. వాడు నది ఒడ్డు నుంచి గోపురాన్ని జూమ్ చేసి, "కనిపిస్తోంది అక్కా, మీరే చీమల్లా కూడా లేరు" అన్నాడు.

మొదటి దోశ లాంటి తిండి

ఆకలి దంచేస్తోంది. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన తిండి ఫ్లామ్‌కూష్. ఫ్రెంచ్‌లో తార్త్ ఫ్లాంబే అంటారు. కాగితంలా పల్చగా ఒత్తిన పిండి మీద చిక్కటి మీగడ, ఉల్లిపాయ ముక్కలు, లార్డాన్ వేసి మండే పొయ్యిలో రెండు మూడు నిమిషాలు కాలుస్తారు. లార్డాన్ అంటే పంది మాంసం ముక్కలు. తినని వాళ్ళు ముందే చెప్తే పుట్టగొడుగులతోనో, చీజ్‌తోనో చేసిస్తారు.

దీని పుట్టుక భలే ఉంటుంది. పల్లెల్లో రొట్టెలు కాల్చే రోజు, పొయ్యి వేడి సరిపోయిందో లేదో చూడ్డానికి ముందు ఇలా పల్చటి పిండిముద్ద ఒకటి వేసేవాళ్ళు. మన అమ్మలు పెనం కాలిందో లేదో చూసుకోడానికి వేసే మొదటి దోశ అన్నమాట. మన మొదటి దోశ ఎవరి ప్లేట్లోకి వెళ్తుందో తెలియదు గానీ, వీళ్ళ మొదటి దోశ మెనూ కార్డు ఎక్కేసింది.

తిన్నాక పెతీత్ ఫ్రాన్స్ వైపు నడిచాం. ఇన్‌స్టాలో స్ట్రాస్‌బర్గ్ అని కొడితే వచ్చే ఫొటోలన్నీ ఇక్కడివే. కాలవల పక్కన చెక్క ఫ్రేముల ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు. ఆ ఇళ్ళ పైకప్పులు చూడండి. బాగా ఏటవాలుగా, గాలి ఆడేలా ఉంటాయి. ఒకప్పుడు ఇది తోళ్ళు ఊనే వాళ్ళ పేట. అటకల మీద తోళ్ళు ఆరబెట్టేవాళ్ళు. ఇప్పుడు సెల్ఫీలు దిగే కాలవ పక్కన ఆ రోజుల్లో ముక్కు మూసుకుని నడవాల్సిందే.

"పెతీత్ ఫ్రాన్స్" అంటే చిన్న ఫ్రాన్స్. పేరు వింటే ఎంత ముద్దుగా ఉంది! అసలు కథ అంత ముద్దుగా లేదు. ఊరు జర్మన్ మాట్లాడే రోజుల్లో ఇక్కడ సిఫిలిస్ రోగుల ఆసుపత్రి ఉండేది. ఆ రోగాన్ని జర్మన్లు "ఫ్రెంచ్ రోగం" అనేవాళ్ళు. అలా ఈ పేటకి ఆ పేరు అంటుకుంది. పక్కవాడి మీద వేసిన నింద, కాలం గడిచాక టూరిస్ట్ బోర్డు అయింది.

కాస్త ముందుకెళ్తే పోన్ కువేర్, అంటే కప్పున్న వంతెనలు. కప్పు ఊడిపోయి రెండొందల ఏళ్ళు దాటింది, పేరు మాత్రం అలాగే ఉంది. వాటి ఎదురుగా 17వ శతాబ్దంలో కట్టిన వోబాన్ బరాజ్. శత్రువు దండెత్తి వస్తే తలుపులు దించి నీళ్ళు నిలబెట్టి, ఊరి దక్షిణం వైపంతా ముంచేయడానికి కట్టారు. బరాజ్ అంటే మనకి పొలాలకి నీళ్ళిచ్చేది. వీళ్ళకి యుద్ధానికి పనికొచ్చేది.

ఇద్దరు కొడుకుల తల్లి

రిపబ్లిక్ స్క్వేర్‌కి టూరిస్టులు తక్కువ. గింగో చెట్ల ఆకులు పసుపు పచ్చగా రాలి నేలంతా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో ఒక యుద్ధ స్మారకం. 1936లో పెట్టారు.

మామూలుగా ఇలాంటి చోట్ల తుపాకి పట్టుకున్న సైనికుడు, జెండా, విజయం ఉంటాయి. ఇక్కడ అవేం లేవు. ఒక తల్లి. ఆమె ఒడిలో చనిపోతున్న ఇద్దరు కొడుకులు. ఇద్దరి ఒంటి మీదా బట్టల్లేవు. ఎందుకంటే యూనిఫాం వేస్తే ఎవరు ఏ సైన్యమో తెలిసిపోతుంది. ఒకడు ఫ్రాన్స్ తరఫున, ఇంకొకడు జర్మనీ తరఫున పోరాడి, చివరి క్షణంలో ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. కింద "మా మృతులకి" అని మాత్రమే రాసుంది. ఫ్రాన్స్‌లో మిగతా ఊళ్ళలో కనిపించే "ఫ్రాన్స్ కోసం" అన్న మాట లేదు. రాస్తే అబద్ధమయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ప్రాంతం జర్మనీలో ఉంది కాబట్టి ఇక్కడి కుర్రాళ్ళు లక్షలమంది జర్మన్ యూనిఫాంలోనే పోరాడారు.

ఈ బొమ్మ పెట్టిన తర్వాత కథ ఇంకా ఘోరంగా నడిచింది. 1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలవుతూనే స్ట్రాస్‌బర్గ్ మొత్తాన్ని ఖాళీ చేయించి నైరుతి ఫ్రాన్స్‌కి పంపేశారు. 1940లో నాజీలు వచ్చారు. ఫ్రెంచ్ మాట నిషేధం. ఫ్రెంచ్ టోపీ నిషేధం. మనుషుల పేర్లు కూడా జర్మన్‌లోకి మార్చేశారు. 1942 ఆగస్టు నుంచి కుర్రాళ్ళని బలవంతంగా జర్మన్ సైన్యంలోకి తీసుకున్నారు. అల్సాస్, పక్కనున్న మోజెల్ కలిపి దాదాపు 1,30,000 మంది. చాలామందిని రష్యా సరిహద్దుకి పంపారు. పారిపోతే ఇంట్లో వాళ్ళ మీద పడేవాళ్ళు. ముప్పై వేల మందికి పైగా తిరిగి రాలేదు. తిరిగొచ్చినవాళ్ళని "మీరు జర్మన్ల తరఫున పోరాడారు కదా" అని సొంత దేశమే అనుమానంగా చూసింది. వాళ్ళని "మాల్‌గ్రే నూ" అంటారు. మా ఇష్టానికి విరుద్ధంగా పోయినవాళ్ళం అని.

మాలో ఎవరికీ కాసేపు మాట రాలేదు. ఆ బొమ్మలో కొడుకులకి అటూ ఇటూగా మా వయసే ఉంటుంది.

బేకరీలో బామ్మ

దేశాలు మారినా కొన్ని అలవాట్లు మాత్రం ఇక్కడ మొండిగా ఉండిపోయాయి. ఫ్రాన్స్ అంతా రైళ్ళు ఎడమ పట్టా మీద నడుస్తాయి. అల్సాస్‌లో కుడి పట్టా మీద. జర్మన్ పాలనలో వేసిన పద్ధతి అలాగే ఉంచేశారు. ఫ్రాన్స్ 1905లో మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ చట్టం చేసింది. అప్పుడు ఈ ప్రాంతం ఫ్రాన్స్‌లో లేదు. అందుకే ఇక్కడ పాస్టర్లకి, ఫాదర్లకి, యూదుల రబ్బీలకి ఇప్పటికీ ప్రభుత్వమే జీతమిస్తుంది. గుడ్ ఫ్రైడే, డిసెంబర్ 26 ఇక్కడ సెలవులు. మిగతా ఫ్రాన్స్‌కి అవి లేవు. ఆ సెలవుల జోలికి ఏ ప్రభుత్వమూ పోలేదు!

నిలవనిది ఒక్కటే. భాష.

పాత ఊళ్ళో వీధి బోర్డులు చూడండి. పైన ఫ్రెంచ్ పేరు, కింద ఇంకో పేరు. ఆ కింద ఉన్నది అల్సేషియన్. జర్మన్‌కి చుట్టం లాంటి భాష. తమ్ముడి కోసం కుగ్లోఫ్ అనే కేక్ కొందామని ఒక బేకరీకి వెళ్ళాం. మాకు ఫ్రెంచ్ రాదు. వచ్చిన అరకొర జర్మన్‌లో అడిగాం. కౌంటర్ దగ్గర ఎనభై దగ్గరపడ్డ బామ్మ. నవ్వి, ఏదో చెప్పింది. జర్మన్‌లా ఉంది కానీ జర్మన్ కాదు. కోస్తా వాళ్ళు ఫాస్ట్‌గా మాట్లాడే వరంగల్ తెలుగు మొదటిసారి విన్నట్టు! సగం అర్థమైంది.

షాపులో జనం లేరు. బామ్మ మాతో నెమ్మదిగా మాట్లాడింది. చిన్నప్పుడు బడిలో ఈ భాష మాట్లాడితే శిక్ష వేసేవాళ్ళట. యుద్ధం అయిపోయాక జర్మన్ వాసన ఉన్న ఏదీ వద్దనుకున్నారు. ఫ్రెంచ్ మాట్లాడటమే గొప్ప అని ఆ రోజుల్లో పోస్టర్లు కూడా వేశారు. దాంతో ఆమె పిల్లలతో ఫ్రెంచ్‌లోనే మాట్లాడింది. పిల్లలకి అల్సేషియన్ అర్థమవుతుంది గానీ మాట్లాడరు. మనవళ్ళకి అర్థం కూడా కాదు.

బయటికొచ్చాక మా రూమ్మేట్ అంది, "మా కాన్వెంట్ల తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్ ఉండే, యాదికుందా నీకు కూడా?"

ఎందుకు లేదు! మాకు మెడలో పలక వేసేవాళ్ళు. కానీ మన మీదకి ఏ సైన్యమూ రాలేదు. ఏ నాజీ మన టోపీలు నిషేధించలేదు. ఫీజు కట్టి మరీ మనమే వేయించుకున్నాం ఆ ఫైన్. అమ్మానాన్నల్ని తప్పు పట్టడం కాదిది. వాళ్ళూ ఆ బామ్మలాగే పిల్లలు బాగుండాలనే అనుకున్నారు. కానీ ఒక భాష బామ్మ దగ్గర మొదలై మనవడి దగ్గర ఆగిపోవడానికి ఎంత టైమ్ పడుతుందో ఆ బేకరీలో లెక్క కళ్ళముందే ఉంది. రెండు తరాలు.

బ్రిడ్జి మధ్యలో టీ

తిరుగు ప్రయాణంలో ట్రామ్‌ని నదికి ఇవతలే వదిలేశాం. అక్కడ రెండు ఒడ్ల తోట అని ఒక పార్కు ఉంది. సగం ఫ్రాన్స్‌లో, సగం జర్మనీలో. రెంటినీ కలుపుతూ 2004లో కట్టిన కాలినడక వంతెన. రెండు దారులుగా విడిపోయి నది మధ్యలో ఒక వేదిక దగ్గర కలుస్తుంది. 2009లో నాటో సమావేశాలప్పుడు దేశాధినేతలు నడిచింది ఈ వంతెన మీదే.

తమ్ముడు జర్మనీ వైపు నుంచి మధ్య వేదిక దాకా వచ్చి నిలబడ్డాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఫ్రాన్స్. వేయలేదు. మేం ఫ్రాన్స్ వైపు నుంచి వెళ్ళాం. బామ్మ షాపు కుగ్లోఫ్ విప్పాం. వాడు ఫ్లాస్కులో టీ తెచ్చాడు, అల్లం వేసి. చలికి చేతులు కొంకర్లు పోతుంటే ముగ్గురం నిలబడే తాగాం. కింద నుంచి ఒక సరుకుల పడవ వెళ్ళింది. దాన్నెవరూ ఏ దేశమని అడగలేదు.

"ఎట్లుందిరా ఫ్రాన్స్ కేక్?" అంది మా రూమ్మేట్.

"మా అమ్మ చేసే బొబ్బట్టు ముందు దిగదుడుపే" అన్నాడు. రెండో ముక్క తీసుకుంటూ.

జర్మనీ వైపు దిగేచోట ఇద్దరు పోలీసులు ఉన్నారు. కార్డులు అడిగారు. మావి ఇలా చూసి అలా ఇచ్చేశారు. తమ్ముడి కాగితం దగ్గర ఆగారు. పాత కార్డు, పాస్‌పోర్ట్, కాగితం మూడూ తిప్పి తిప్పి చూశారు. మా గుండెలు గొంతులోకి వచ్చాయి.

"ఎక్కణ్ణుంచి వస్తున్నావు?" అని జర్మన్‌లో అడిగాడు ఒకాయన.

తమ్ముడు వెనక్కి తిరిగి చూపించాడు. "బ్రిడ్జి మధ్య నుంచి."

ఆయన ఒక్క క్షణం వాడి మొహం వైపు, వాడి చేతిలో ఉన్న ఫ్లాస్కు వైపు చూశాడు. కాగితం మడతపెట్టి తిరిగిచ్చేశాడు. "శుభ సాయంత్రం" అన్నాడు. అంతే.

కేల్ స్టేషన్ వరకు ఎవరం మాట్లాడలేదు. రైలెక్కి కూర్చున్నాక తమ్ముడు ఫోన్ తీసి ఈమెయిల్ ఇంకోసారి చెక్ చేసుకున్నాడు. కార్డు సంగతి ఏమీ రాలేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే

• రెసిడెన్స్ పర్మిట్ కార్డు, పాస్‌పోర్ట్ రెండూ ఒరిజినల్స్ పెట్టుకోండి. ఫోన్లో ఫొటో సరిపోదు. షెంగెన్ అయినా చెకింగులు జరుగుతున్నాయి.

• కేల్ దాకా డాయిచ్‌లాండ్ టికెట్, అక్కణ్ణుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రామ్ టికెట్ విడిగా కొనండి. రోజంతా తిరిగే టికెట్ తీసుకుంటే నయం.

• గడియారం షో చూడాలంటే ఆదివారం పెట్టుకోకండి. ప్రార్థనలుంటాయి. షాపులు కూడా మూసి ఉంటాయి.

• నవంబర్ చివర్లో క్రిస్మస్ మార్కెట్ మొదలవుతుంది. 1570 నుంచి నడుస్తున్న మార్కెట్ అది. అందంగా ఉంటుంది, కానీ కాలు పెట్టే చోటు ఉండదు. ప్రశాంతంగా చూడాలంటే దానికి ముందే వెళ్ళండి.

• ఇళ్ళూ కాలవలూ ఎలాగూ చూస్తారు. రిపబ్లిక్ స్క్వేర్‌లో ఆ తల్లి దగ్గర ఒక పది నిమిషాలు కూర్చోండి.

• మీ గ్రూపులో ఎవరి కార్డైనా పెండింగ్‌లో ఉంటే, ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమనండి. అప్పటికీ తేలకపోతే ఒక ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళండి. బ్రిడ్జి మధ్యలో వేదిక విశాలంగానే ఉంటుంది.